మరమనిషి వస్తున్నాడట, మ్యాన్‌హోల్‌లోకి ఎవరు దిగుతారు?

మరమనిషి వస్తున్నాడని పేపర్లూ టీవీలూ ఒకటే ఊదరగొడుతున్నాయి. రెండు కాళ్లు, రెండు చేతులు, మెడ మీద తలకాయ. అచ్చం మనిషే. 2025 జనవరిలో చైనావాళ్ల కొత్త సంవత్సరం టీవీ కార్యక్రమంలో పూల కోట్లు తొడుక్కుని చేతిరుమాళ్లు తిప్పుతూ డాన్సు చేశాడు. ఆ ఏడే ఏప్రిల్‌లో బీజింగ్‌లో మనుషులతో పాటు 21 కిలోమీటర్ల పరుగుపందెంలోకి దిగాడు. అమెరికాలో ఎలాన్ మస్క్ అయితే ఏడాదికి పది లక్షల మరమనుషుల్ని చేసి అమ్ముతానంటున్నాడు. ఇక మనిషి ఒళ్లు వంచక్కర్లేదట. విసుగు పనులు, మురికి పనులు, ప్రాణాపాయం పనులు అన్నీ వాడే చేసిపెడతాడట.

మురికి పని, ప్రాణాపాయం పని అనే మాటలు చెవిన పడగానే మేం లేచి కూర్చున్నాం. ఎందుకంటే ఆ రెండూ కలిసిన ఉద్యోగం ఒకటి ఈ దేశంలో ఉంది. దానికి నోటిఫికేషన్ పడదు. ఇంటర్వ్యూ ఉండదు. అందులో మాకెందుకు ఇన్ని సీట్లని ఏ అగ్రకుల విద్యార్థీ కోర్టుకెక్కడు. 1990లో మండల్‌కి వ్యతిరేకంగా రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపిన బాబులు ఫోటోలు తీసేదాకా ఊడ్చారు, తరవాత చీపుర్లు పారేసి కాలేజీలకు పోయారు. వాళ్లలో ఒక్కడూ మ్యాన్‌హోల్‌లోకి మాత్రం దిగలేదు. నిరసనకైనా దిగలేదు.

లెక్క మాది కాదు, సర్కారుదే. మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసేవాళ్ల వివరాలు కేంద్రం 'నమస్తే' అనే పథకం కింద రాయించింది. (పేరు బాగా కుదిరింది. నమస్తే అంటే ఎదుటివాణ్ణి ముట్టుకోకుండా పెట్టే దండమే కదా!) 2024లో బయటికొచ్చిన ఆ లెక్కలో 38 వేల మంది ఉన్నారు. నూటికి 69 మంది ఎస్సీలు. ఎస్టీల్నీ బీసీల్నీ కలుపుకుంటే 92 మంది. 2019 నుంచి 2023 దాకా ఈ పనిలో చచ్చిపోయినవాళ్లు 377 మంది అని సర్కారే పార్లమెంటులో చెప్పింది. సర్కారు లెక్కకు ఎక్కకుండా మట్టిలో కలిసినవాళ్లు వేరే.

ఎట్లా చస్తారో కూడా చెప్పుకుందాం, డాన్సు చేసే మరమనిషిని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు వింటారు. మూత తియ్యగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు. అది మరీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది, వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు దిగినచోటే కూలబడతాడు. అన్నో బావమరిదో వాణ్ణి లాగడానికి దిగుతాడు. వాడూ అక్కడే. అందుకే ఈ చావులు ఎప్పుడూ ఒకటిగా రావు, రెండుగా మూడుగా వస్తాయి. ఇదంతా బడిలో చెప్పే రసాయన శాస్త్రమే. కాంట్రాక్టరుకు తెలియందేమీ కాదు.

బడిలో రోబో అంటే మరమనిషి అని చెప్పి ఊరుకుంటాం. ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పం. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో ఒక నాటకం రాశాడు. పని చేయించుకోవడానికి ఫ్యాక్టరీలో మనుషుల్లాంటివాళ్లను తయారు చేస్తే ఏమవుతుందన్నది అందులో కథ. వాళ్లకు ఏం పేరు పెట్టాలో తోచకపోతే అతని అన్న జోసెఫ్ 'రోబో' అనే మాట అందించాడు. చెక్ భాషలో 'రొబోత' అంటే జమీందారు పొలంలో రైతుబానిస కూలి లేకుండా చెయ్యాల్సిన చాకిరీ. అంటే వెట్టి. అక్షరాలా వెట్టి. ఆ దేశంలో దాన్ని 1848లో రద్దు చేశారు. మన దేశంలో వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. దొరగడీల ముందు తరతరాలు వెట్టి చేసిన మాదిగోడి మనవలకు మరమనిషిని పరిచయం చెయ్యడమంటే తాతను మనవడికి పరిచయం చేసినట్టే! చాపెక్ నాటకంలో ఆ రోబోలు ఆఖరికి తిరగబడతారు. ఆ సంగతి యజమానులకు బాగా గుర్తున్నట్టుంది. అందుకే ఈసారి తిరగబడని వెట్టివాడి కోసం కోట్లు కుమ్మరిస్తున్నారు.

వాడి సత్తా ఎంతో కూడా చూద్దాం. చైనాలో యూనిట్రీ అనే కంపెనీ 2024లో జీ1 అనే మరమనిషిని 16 వేల డాలర్లకు అమ్మకానికి పెట్టింది. మన లెక్కలో 13 లక్షల పైమాటే. ఎత్తు నాలుగు అడుగుల చిల్లర, బరువు 35 కిలోలు. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు గంటలు తిరుగుతాడు. చేత్తో ఎత్తగలిగేది రెండు మూడు కిలోలు. మా అమ్మలు గంపల్లో ఏమెత్తారో, ఎన్ని కిలోలెత్తారో మేం ఇక్కడ రాయం, చదివేవాళ్లకు అన్నం సయించదు. బీజింగ్ పందెంలో 21 మరమనుషులు బయల్దేరితే చివరిదాకా వెళ్లినవి ఆరు. గెలిచినదానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు. పక్కనే మనుషులు పరిగెత్తుతూ వచ్చారు, పడితే లేపడానికి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక గోదాములో డిజిట్ అనే మరమనిషి 2024 నుంచి ప్లాస్టిక్ డబ్బాలు ఒకచోట తీసి ఇంకోచోట పెడుతోంది. చదునైన నేల, పొడి గాలి, మంచి వెలుతురు, ఒకే సైజు డబ్బా. ఇప్పటికి దాని పనితనం అంత.

మేం ఎగతాళి చెయ్యడం లేదు. ఇవాళ తడబడేవాడు పదేళ్లకు నిలదొక్కుకుంటాడు. యూనిట్రీవాళ్లే 2025 జూలైలో ఇంకో చిన్న రకం తెచ్చి ధర ఆరు వేల డాలర్ల కిందికి దించారు. ఏడాది తిరిగేసరికి మూడోవంతు ధర! సెల్‌ఫోన్లు ఎట్లా చౌకయ్యాయో ఇవీ అట్లానే అవుతాయి. మా గొడవ వాడు వస్తాడా రాడా అన్నది కాదు. వస్తే ముందు ఎవరింటి తలుపు తడతాడన్నదే.

ధర మాట వచ్చింది కాబట్టి మా ధర కూడా చెప్పుకోవాలి. మురుగు కాలవలో చచ్చినవాడి కుటుంబానికి పది లక్షలు ఇమ్మని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పింది. అది కూడా సఫాయి కర్మచారి ఆందోళన్ పదకొండేళ్లు కోర్టు మెట్లు ఎక్కిదిగితే వచ్చింది. 2023 అక్టోబర్ 20న ఆ పది లక్షల్ని 30 లక్షలు చేసింది. అంటే పదేళ్లపాటు మా మనిషి చావు ఒక మరమనిషి కంటే చవక. ఇప్పుడు రెండు మరమనుషుల ఖరీదు. పెరిగాం, కాదనం! అయితే ఆ డబ్బు కూడా చచ్చాక మాట, ఇస్తే మాట. బతికున్నప్పుడు దిగినందుకు ముట్టేది వెయ్యో రెండువేలో, ఒక క్వార్టరు సీసానో. ఇంత చవగ్గా మనిషి దొరికేచోట యంత్రం ఎందుకు కొంటాడయ్యా ఏ కాంట్రాక్టరైనా?

అసలు ముడి ఇక్కడే ఉంది. యంత్రం ఎక్కడికొస్తుందో ఎక్కడికి రాదో తేల్చేది సైన్సు కాదు. మా కళ్లముందే చూశాం. డెల్టాలో వరికోతలు మా ఆడవాళ్ల బతుకు. ముఠా కట్టి, ఎకరానికింతని మాట్లాడుకుని కోసి, కుప్పేసి, నూర్చేవాళ్లు. ఆఖర్న పరిగె ఏరుకుంటే నాలుగు రోజుల గింజలు. కారంచేడు, చుండూరు తరవాత మావాళ్లు వంగిన నడుం ఎత్తి కూలి అడగడం నేర్చారు. 'ఇంతైతేనే దిగుతాం' అన్నారు. అన్నాక ఎంతకాలం పట్టింది వరికోత మిషను రావడానికి? రోడ్డు లేని పొలాలక్కూడా వచ్చింది. బ్యాంకు అప్పిచ్చింది. సర్కారు సబ్సిడీ ఇచ్చింది. పది మంది రోజంతా చేసే పని గంటలో అయిపోతోంది. పరిగె లేదు, గేదెకు గడ్డి కూడా సరిగా మిగలదు. చుండూరులో 1991 ఆగస్టు 6 నాటి నరమేధానికి ముందు మావాళ్లకు పనులు బందు పెట్టి వెలివేశారు. చేతిలో మిషనుంటే వెలివెయ్యడానికి చాటింపు కూడా అక్కర్లేదు.

మా కూలి పెరిగినచోటికి యంత్రం పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ప్రాణం పోయేచోటికి రాలేదు. పొలానికొచ్చిన యంత్రం పక్క వీధిలోని మ్యాన్‌హోల్ దగ్గరికి ఎందుకు రాలేదో చెప్పమని మేం ఇంజనీర్లను అడుగుతున్నాం. తయారు చెయ్యడం చేతకాకనా? 2020 జనవరిలో మన ఇస్రో వ్యోమమిత్ర అనే ఆడ మరమనిషిని చూపించింది. రోదసిలోకి మనుషులకంటే ముందు ఆమెను పంపిస్తారట, అక్కడి గాలీ ఒత్తిడీ మనిషికి పనికొస్తాయో లేదో చూడడానికి. ఎంత జాగ్రత్త! పంపించి చూసి, అంతా బాగుంటేనే మనిషిని పంపిస్తారు. పంపించాలి కూడా. మురుగు గోతిలోకి మాత్రం ముందు మనిషిని పంపి, వాడు పైకి రాకపోతే లోపల గ్యాసుందని తెలుసుకుంటున్నారు. ఆకాశానికి దొరికిన మిత్ర మురుక్కి దొరకలేదు.

దొరకలేదంటే పూర్తి నిజం కాదు. కేరళలో కొందరు కుర్ర ఇంజనీర్లు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబో చేశారు. 2018లో తిరువనంతపురంలో పనికి పెట్టారు. దానికి వాళ్లు పెట్టిన పేరు బాండికూట్. ఆ ఇంగ్లీషు మాట మనదే, మన తెలుగు పందికొక్కే ఇంగ్లీషువాడి నోట అట్లా మారింది. ఆ పందికొక్కు మనిషిలా ఉండదు. పైన ఒక చట్రం, లోపలికి దిగే చెయ్యి, కెమెరా, గ్యాసు పసిగట్టే పరికరం. కార్మికుడు పైన నిలబడి తెర చూస్తూ నడుపుతాడు. అంతే. ముఖం లేదు, డాన్సు రాదు. ప్రాణం కాపాడుతుంది.

ఇక్కడ మరమనిషి వ్యాపారుల వాదన ఒకటి విప్పి చూడాలి. మనిషి ఆకారమే ఎందుకయ్యా అంటే, లోకమంతా మనిషి ఒంటికి తగ్గట్టు కట్టి ఉంది, మెట్లు, తలుపులు, పనిముట్లు అన్నీ మనిషి కొలతే, కాబట్టి అదే కొలతలో యంత్రం చేస్తే దేన్నీ మార్చక్కర్లేదు అంటారు. వినడానికి బాగానే ఉంది. దేన్నీ మార్చక్కర్లేదన్న మాట దగ్గరే మాకు అనుమానం. మ్యాన్‌హోల్ పేరులోనే మనిషి ఉన్నాడు. మనిషి దూరేంత కన్నం పెట్టారు, ఆ దూరేవాడు ఎవడో ముందే తెలుసు కాబట్టి. పైపులు మార్చాలి, మూతలు మార్చాలి, నీళ్ల జెట్టుతో తోసే బండ్లు కొనాలి, సెప్టిక్ ట్యాంకు కట్టేటప్పుడే గొట్టం పెట్టి లాగేటట్టు కట్టించాలి. మార్చాల్సింది అది. పైగా మీథేన్ నిండిన గోతిలోకి ఒంటినిండా మోటార్లూ లిథియం బ్యాటరీ ఉన్నవాణ్ణి దింపితే ఒక్క నిప్పురవ్వ చాలు. మురుక్కి మనిషిబొమ్మ పనికిరాదు. అది తెలిసి కూడా రేపు మా మున్సిపల్ కమిషనర్లు ఏమంటారో మాకు తెలుసు: కొత్త టెక్నాలజీ వస్తోంది, కాస్త ఓపిక పట్టండి. 1993లో చట్టం చేసినప్పుడు ఓపిక పట్టమన్నారు. 2013లో ఇంకో చట్టం చేసినప్పుడూ పట్టమన్నారు. 2023 బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థికమంత్రి మ్యాన్‌హోల్‌ని మెషిన్‌హోల్ చేస్తామన్నారు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషుల్ని దింపడం ఆపమంది. ఓపిక మా ఇంటిపేరు కాదు.

ఇంకో తిరకాసు. మరమనిషి లోపల ఎవరున్నారు? 2021లో మస్క్ తన మరమనిషిని లోకానికి మొదటిసారి చూపినప్పుడు స్టేజీ మీద గంతులేసింది మరమనిషి వేషం తొడిగిన మనిషే. 2024 అక్టోబర్ సంబరంలో అతిథులకు పానీయాలు పోసినవాటిని వెనకనుంచి మనుషులు ఆడించారు. 2025 అక్టోబర్‌లో నియో అనే ఇంటిపని మరమనిషిని 20 వేల డాలర్లన్నారు. గిన్నెలు సర్దుతాడు, బట్టలు మడతపెడతాడు. తెలియని పనొస్తే? ఎక్కడో కూర్చున్న కంపెనీ ఉద్యోగి కళ్లకు పరికరం తగిలించుకుని ఆ చేతుల్ని ఆడిస్తాడు. తోలుబొమ్మలాట చూసిన జాతి మనది. తెర వెనక పుల్లలు పట్టుకున్నవాడు ఎవడో, వాడికి ముట్టేదెంతో అడక్కుండా ఉంటామా?

ఆ విద్య కూడా ఆకాశంలోంచి ఊడిపడదు. మన పక్కనే తమిళనాడులోని కరూర్‌లో కుర్రవాళ్లు తలకు కెమెరా కట్టుకుని పొద్దస్తమానం తువ్వాళ్లు మడతపెడుతున్నారని 2025లో పేపర్లు రాశాయి. వాళ్ల చేతులు ఎట్లా కదిలితే అట్లా కదలడం అమెరికా మరమనిషి నేర్చుకుంటాడు. ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు ఒక్కటే తీసుకున్నాడు. వీళ్లకు పదివేళ్ల పనితనమూ కావాలి, అదీ రోజుకూలికి. పనితనం ఒకసారి యంత్రంలోకి పోయాక ఆ చేతులు ఎవరికి కావాలి? తోలు సంగతి మరిచామా? పచ్చి తోలు కంపు కొట్టినన్నాళ్లు లందె మాదిగోడిది. రసాయనాలొచ్చి, ఫ్యాక్టరీలొచ్చి, అద్దాల షాపులో మెరిసే చెప్పు అయ్యేసరికి లాభం ఇంకెవరిదో అయింది. కంపు పోయింది, దానితోపాటు మేమూ పోయాం.

ఇంటిపని మరమనిషి మాటకొస్తే నవ్వొస్తుంది. రేపు ఆ ఇనపవాడు అగ్రహారం వంటింట్లోకి దర్జాగా పోతాడు. ఎవడు ముట్టిన గిన్నె అని ఎవరూ అడగరు. మా చెల్లెలు మాత్రం అదే ఇంట్లో అంట్లు తోమి, వరండాలో విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగుతుంది. కేరళ త్రిస్సూరు జిల్లాలో ఒక కృష్ణుడి గుడికి 2023లో మర ఏనుగును తెచ్చారు. మంచిదే, బతికున్న ఏనుగుకు గొలుసులు తప్పాయి. అదే జిల్లా గురువాయూరులో 1931లో అంటరానివాళ్లను గుళ్లోకి రానివ్వమని నెలల తరబడి సత్యాగ్రహం చెయ్యాల్సొచ్చింది. రబ్బరు ఏనుక్కి మైల లేదు. ఇనుముకు మైల లేదు. మైల మనిషికే, అందులోనూ మా మనిషికే.

మన కమ్యూనిస్టు మిత్రులు యంత్రాలొస్తే ఉద్యోగాలు పోతాయి, వ్యతిరేకిద్దాం అంటారు. బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వస్తున్నప్పుడూ అన్నారు. పోయే ఉద్యోగం ఎట్లాంటిదో చూడకుండా ఆ మాట అనేవాడు ఆ ఉద్యోగం చెయ్యనివాడే. మురుగులో దిగే ఉద్యోగం పోవాలి. ఇవాళే పోవాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. పోయినచోట ఆ మనిషికి ఏం ఇస్తారన్నదే మా కొట్లాట. 2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ బండ్లు పెట్టి, దళిత పారిశ్రామికుల సంఘంతో కలిసి మావాళ్లను వాటికి యజమానుల్ని చేసింది. ఇది పనికొచ్చే దారి. అయితే బండి మీద పేరు ఎవరిదో చూసి సంతోషపడితే చాలదు. నిన్నటిదాకా గోతిలో దిగినవాడే ఇవాళ ఆ బండి నడుపుతున్నాడా, లేక వాడు ఇంకో వీధిలో ఇంకో కాంట్రాక్టరు కింద దిగుతూనే ఉన్నాడా అని చూడాలి.

మరమనుషుల్ని లక్షల్లో చేసే ఫ్యాక్టరీలు ఈ దేశంలోనూ వెలుస్తాయి. భూమి సర్కారిస్తుంది, కరెంటు సర్కారిస్తుంది, పన్ను రాయితీ సర్కారిస్తుంది. రిజర్వేషన్ అడిగితే మాత్రం అది ప్రైవేటు! మేం ఇప్పటినుంచే చెబుతున్నాం. ప్రజల సొమ్ముతో లేచే ప్రతి ల్యాబులో, ప్రతి షెడ్డులో మా పిల్లల వాటా తేల్చాకే రిబ్బను కత్తిరించాలి. మురుగు కార్మికుడి కూతురు యంత్రం గీసేచోట కూర్చుంటే మొదట ఏ యంత్రం గీస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ పక్షం మనం చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి పట్టణంలో మనవాళ్లు నలుగురు మున్సిపల్ ఆఫీసుకు పోయి, పది రూపాయలు కట్టి, 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మీ దగ్గర మురుగు తీసే యంత్రాలెన్ని, అందులో ఇవాళ నడుస్తున్నవెన్ని, షెడ్డులో తుప్పు పడుతున్నవెన్ని అని రాయండి. వాటిని నడిపేవాళ్లు, వాటి సొంతదారులు ఏ కులాలవాళ్లో అడగండి. యంత్రం ఉండి కూడా గత ఏడాది మనిషిని దింపిన రోజులెన్ని, దింపమని చెప్పింది ఏ ఆఫీసరో, ఆ కాగితం నకలు ఇమ్మనండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చినా రాకపోయినా మాకు రాయండి, వచ్చింది వచ్చినట్టు ఈ పేజీల్లో అచ్చేస్తాం.